ఓపీయా, అడ్మిషనా? పిల్లల మనసు వైద్యంలో మెషిన్ లెక్క

[తెర మీద: తెల్లవారుజామున యలహంక. హిందూపురం బస్సు దిగుతున్న జనం.]

నమస్తే. మనసు బాగోలేని పిల్లల్ని ఓపీలో చూడాలా, వార్డులో చేర్చాలా అన్నది కంప్యూటర్ చెప్పగలదా? ఈరోజు మాట అదే. బెంగళూరులో మానసిక వైద్యం చేసే ఏ పెద్దాసుపత్రి ఓపీ దగ్గరైనా ఒక పూట నిలబడండి, తెలుగు మాట చెవిన పడకుండా ఉండదు. అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లకు నరాల జబ్బన్నా మనసు జబ్బన్నా ముందు గుర్తొచ్చేది ఇక్కడి నిమ్హాన్స్ ఆసుపత్రే.

పోయినేడాది మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, తన కొడుకును వెంటబెట్టుకుని కేఆర్ పురంలో మా ఇంటికి వచ్చింది. వాడికి పదిహేనేళ్లు, పదో తరగతి. రెండు నెలలుగా బడికి పోవడం లేదు. రాత్రిళ్లు నిద్ర లేదు. అన్నం కెలికి లేచిపోతాడు. ఇక్కడే ఒక ఆసుపత్రిలో చూపించాం. డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడి, "పది రోజులు వార్డులో ఉంచితే మంచిదమ్మా" అంది.

అక్క నన్ను పక్కకు పిలిచింది. "పురుగులు ఆకు మీద ఉండాయిరా. ఇంకో వారంలో గూడు కడతాయి. ఇప్పుడు విడిచిపెట్టి ఎట్ల ఉండేది?"

పట్టుపురుగులు పెంచే ఇల్లది. వేళకు మల్బరీ ఆకు పడకపోతే పంటంతా పోయినట్టే. మందులు రాయించుకుని, వారం వారం వస్తామని చెప్పి ఊరెళ్లిపోయారు. ఫైల్లో డాక్టరమ్మ రాసింది ఒకటే లైను: "ఓపీ రివ్యూ, వారానికొకసారి."

ఈ లైను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

[తెర మీద: నాలుగు మెట్ల బొమ్మ. ఫోను, ఓపీ, డే కేర్, వార్డు.]

పిల్లల మానసిక వైద్యంలో ఏ మందు ఇవ్వాలన్నది ఒక్కటే ప్రశ్న కాదు, ఎక్కడ ఉంచి చూడాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఫోన్లో కౌన్సెలింగ్ సరిపోతుందా? (14416కు చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవలో తెలుగులోనే మాట్లాడొచ్చు, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది.) ఓపీకి వచ్చిపోతే చాలా? పగలంతా ఉండి సాయంత్రం ఇంటికెళ్లే డే కేరా? లేక వార్డా? కింది మెట్టు మీదే వదిలేస్తే జబ్బు ముదురుతుంది. అక్కర్లేకుండా పై మెట్టు ఎక్కిస్తే బడి, స్నేహితులు, ఇల్లు అన్నీ దూరమవుతాయి.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. పిల్లల సైకియాట్రిస్టులేమో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందుకే ఏ పిల్లను ఎక్కడ ఉంచి చూడాలో సలహా చెప్పే మెషిన్, అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్, సాయం అడుగుతున్నారు.

[తెర మీద: ఫారం. గళ్లల్లో 0, 1, 2, 3.]

అమెరికాలో పిల్లల అవసరాలు అంచనా వేయడానికి 'క్యాన్స్' అనే ఫారం వాడతారు. నిద్ర, కోపం, చదువు, ఇంటి పరిస్థితి, ఇలా ఒక్కోదానికి ఒక అంకె. 0 అంటే ఇబ్బంది కనబడలేదు. 1 అంటే గమనిస్తూ ఉండాలి. 2 అంటే ఏదో ఒకటి చేయాలి. 3 అంటే ఇప్పుడే చేయాలి. ఇలాంటి పాత ఫారాలు వేలకు వేలు కంప్యూటర్‌కు ఇస్తారు. ఏ పిల్లను ఎక్కడికి పంపారు, ఆ తర్వాత ఎలా ఉంది అన్నదీ ఇస్తారు. అది ప్రశ్నల చెట్లు అల్లుకుంటుంది: నిద్ర దగ్గర 3 ఉందా? ఉంటే, ఇంట్లో కనిపెట్టుకునేవాళ్లు ఉన్నారా? అలాంటి చెట్లు వందలు ఓటేస్తే వచ్చేదే ఆ సలహా.

వినడానికి బాగుంది కదా? ఇప్పుడు మా అక్క కొడుకు ఫైలు అందులో వేయండి. అంకెలన్నీ ఎక్కువే, పంపింది మాత్రం ఓపీకి. అలాంటి ఫైళ్లు వంద పడ్డాయంటే మెషిన్ ఏం నేర్చుకుంటుంది? "ఇన్ని అంకెలున్నా ఓపీ చాలు" అని. పిల్లల్ని ఎక్కడికి పంపారో దానికి తెలుసు. ఎక్కడికి పంపాల్సిందో తెలియదు.

ఇంకో తిరకాసు. వార్డులో చేరేదే జబ్బు ముదిరిన పిల్లలు. కోలుకోవడానికి వాళ్లకు టైము పడుతుంది. ఆ అంకెలు మాత్రమే చూస్తే వార్డు వల్లే పిల్లలు బాగుపడటం లేదనిపిస్తుంది. గొడుగు పట్టినవాళ్లే తడిశారు కాబట్టి తడవడానికి కారణం గొడుగే అన్నట్టు. ఒకేలాంటి పిల్లల్ని జతలు కట్టి పోల్చే పద్ధతులు ఉన్నాయి, కాదనను. కానీ ఫైల్లో లేని పట్టుపురుగుల్ని ఏ పద్ధతీ పట్టుకోలేదు.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. అమెరికా ఆసుపత్రుల్లో ఎవరికి అదనపు వైద్యం కావాలో చెప్పే ఒక అల్గారిథమ్‌ను పరిశోధకులు విప్పి చూసి, 2019లో 'సైన్స్' పత్రికలో రాశారు. అది జబ్బు తీవ్రతను వైద్యానికైన ఖర్చుతో కొలిచింది. నల్లజాతి రోగుల మీద ముందునుంచీ ఖర్చు తక్కువ. దాంతో అంతే జబ్బు ఉన్నా వాళ్లకు స్కోరు తక్కువ పడింది.

[తెర మీద: వార్డు మంచం, పక్కన నేల మీద చాప.]

మన దగ్గర చట్టం కూడా వేరు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం మైనర్‌ను చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. పెద్దల వార్డులో కలపకూడదు. 72 గంటల్లో మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు తెలపాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఉన్నన్నాళ్లూ పిల్లాడి వెంట మనిషి ఉండాలి. పిల్లల కోసం పెట్టిన మంచి నియమమే. ఆ మనిషి మా అక్క. కాబట్టి మన మెషిన్‌కు నిద్రా కోపమే కాదు, "తోడు ఎవరు, ఎన్ని రోజులు ఉండగలరు" అన్న గడి కూడా కావాలి. వేరే దేశపు ఫారం నుంచి ఎత్తుకొస్తే అది దొరకదు.

నన్నడిగితే, ఇలాంటి సాఫ్ట్‌వేర్ చేయాల్సింది ఆర్డరు వేయడం కాదు, అడ్డు తగలడం. అంకెలు వార్డు అంటుంటే డాక్టర్ ఓపీ రాసినప్పుడు తెర మీద "ఎందుకు?" అని ఒక ఖాళీ పెట్టె రావాలి. అందులో "పట్టుపురుగులు" అని రాసినా చాలు. డాక్టర్లకు టైపు చేసే పని పెరుగుతుందంటారు, నిజమే. పెరగనివ్వండి.

అక్క గూళ్లు హిందూపురం మార్కెట్లో అమ్మేసి, నెల తర్వాత రెండు సంచులతో మళ్లీ దిగింది. ఈసారి వాణ్ణి చేర్చుకున్నారు, తను చాప వేసుకుని పక్కనే ఉంది. ఫైల్లో రెండో లైను పడింది: "ఓపీ చికిత్సతో మెరుగు లేదు. అడ్మిషన్."