సమాధి దగ్గర ఏడ్చినవాడు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

పోయిన వారం మన పర్లాకిమిడిలోనే ఒక ఇంటికి పరామర్శకు వెళ్లాను. కొడుకుని పోగొట్టుకున్న తల్లి. వాడి చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి, ఎవరూ తీయలేదు. ఆమె నన్ను ఒకటే అడిగింది: "అయ్యగారూ, యేసయ్య దేవుడు కదా. నా బాధ ఆయనకెలా తెలుస్తాది?"

అప్పుడు నాకు మాట రాలేదు.

మనం పైకి అనకపోయినా యేసుని సగం దేవుడు, సగం మనిషి అనుకుంటాం. ఆకలేస్తే మనిషి, తుఫాను ఆపితే దేవుడు అని పంచేస్తాం. మన ఊళ్లో తల్లి ఒడియా, తండ్రి తెలుగు అయిన పిల్లలు ఎంతమంది లేరు! ఆ పిల్లాడు అమ్మ దగ్గర అచ్చంగా ఒడియావాడు, నాన్న దగ్గర అచ్చంగా తెలుగువాడు. ఏదీ సగం కాదు. ఈ పోలిక ఇంతవరకే పనికొస్తుంది, దేవుని మర్మం మన ఇళ్లల్లో ఇమిడేది కాదు.

4వ శతాబ్దంలో సిరియాలోని లవొదికయ బిషప్పు అపొలినారిస్ ఏమన్నాడంటే, యేసు శరీరం మనిషిదే గానీ లోపల ఆలోచించే మనసు మనిషిది కాదు, ఆ చోట దేవుని వాక్యమే, అంటే దేవుని కుమారుడే ఉన్నాడు అన్నాడు. వినడానికి ఎంతో భక్తిగా ఉంటుంది. అదే కాలంలోని బిషప్పు నజియాంజుస్ గ్రెగొరీ దానికిచ్చిన జవాబంటే నాకు ప్రాణం: యేసు తనదిగా చేసుకోనిది ఏదీ బాగుపడలేదు. దెబ్బ తగిలింది మన మనసుకే కదమ్మా! భయం, బెంగ ఉండేది అక్కడే. ఆ మనసే ఆయనకు లేకపోతే ఆ తల్లి ఏడుపు ఆయన దాకా ఎలా చేరుతుంది?

381లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన బిషప్పుల సభ ఆ బోధను తోసిపుచ్చింది. 451లో కల్కెదోను సభ ఒకే క్రీస్తు, దైవం మానవం అనే రెండు స్వభావాలు అంది. అవి కలగలిసిపోకుండా, మారిపోకుండా, చీలకుండా, విడిపోకుండా ఉన్నాయంది. అదెలాగో విప్పి చెప్పడానికి మాత్రం ఆ పెద్దలు తెగించలేదు. వాళ్ల మీద నా గౌరవం అందుకే.

ఇప్పుడు యోహాను సువార్త 11వ అధ్యాయం తీయండి. యేసు స్నేహితుడు లాజరు చనిపోయి నాలుగు రోజులైంది. అతన్ని లేపబోతున్నానని యేసుకి ముందే తెలుసు, బయల్దేరకముందే శిష్యులతో అన్నాడు కూడా. అయినా లాజరు సహోదరి మరియ ఏడవడం చూసి తట్టుకోలేకపోయాడు. 35వ వచనం: "యేసు కన్నీళ్లు విడిచెను." కాసేపట్లో ఆ ఇల్లు సంతోషంతో నిండుతుందని తెలిసి కూడా ఏడ్చాడంటే, అది మనల్ని ఓదార్చడానికి వేసిన వేషం కాదు. మరో ఎనిమిది వచనాలు చదవండి. ఆ గొంతే లాజరుని బయటికి రమ్మని పిలిచింది. ఆ గొంతులో ఏడుపు జీర ఇంకా పోలేదేమో అనిపిస్తుంది నాకు. చనిపోయినవాడు లేచి వచ్చాడు.

రేపు సాయంత్రం ఆ ఇంటికి మళ్లీ వెళ్తున్నాను. ముందు ఆమె పక్కన ఊరికే కూర్చుంటాను. ఈ అధ్యాయం ఆమె అడిగినప్పుడు చదువుతాను. సంఘంలో అమ్మలెవరైనా నాతో వస్తే మంచిది.