ప్లగ్-ఇన్ జీపీఎస్ రిసీవర్: డబ్బా మీద ఛానెళ్ల లెక్క చూసి కొనకండి

నమస్తే. హ్యాండ్‌హెల్డ్‌కో (చేత్తో పట్టుకుని వాడే చిన్న కంప్యూటర్), జీపీఎస్ లేని ట్యాబ్‌కో తగిలించుకునే రిసీవర్ గురించి అడిగేవాళ్లంతా ఒకటే ప్రశ్న వేస్తున్నారు: "యాభై ఛానెళ్లది తీసుకోవాలా, డెబ్బై రెండు ఛానెళ్లదా?" వింటే బాధేస్తుంది. డబ్బు పెట్టాల్సిన చోటు అది కాదు.

రైల్వే స్టేషన్లో మైకు ప్రకటన తలుచుకోండి. మీరు ప్లాట్‌ఫాం చివర ఉన్నారు, చుట్టూ గోల, మైకేమో ఎక్కడో దూరంగా ఉంది. ఉపగ్రహం చేసేది కూడా అచ్చం అలాంటి ప్రకటనే. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉండి, టైమెంతో, తన కక్ష్య ఏమిటో చదువుతూనే ఉంటుంది. మన రిసీవర్ దానికి తిరిగి ఏమీ చెప్పదు, వింటుందంతే. అందుకే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

ఆ చదవడం మాత్రం చాలా నిదానం, సెకనుకు 50 బిట్లే. కక్ష్య వివరాలు 30 సెకన్లకోసారి మళ్లీ మొదటి నుంచి వస్తాయి. మధ్యలో ఒక ముక్క వినపడకపోతే అది మళ్లీ వచ్చేదాకా ఆగాల్సిందే. చెట్ల కింద నడుస్తూ ఆన్ చేస్తే రెండు మూడు నిమిషాలైనా లొకేషన్ దొరకనిది ఇందుకే. కాసేపు ఆరుబయట కదలకుండా నిలబడండి, దొరుకుతుంది.

మరి ఛానెళ్లంటే? ఒకేసారి ఎన్ని మైకులు వినగలదన్న లెక్క. ఒక్క జీపీఎస్‌కైతే పన్నెండు సరిపోతాయి. జీపీఎస్ లాంటివే వేరే దేశాల ఉపగ్రహ వ్యవస్థలు గ్లోనాస్, గెలీలియో, బేడౌ కూడా వినాలంటే ఎక్కువ కావాలి, వెతకడం త్వరగా అవడానికి ఇంకొన్ని పనికొస్తాయి. ఇప్పుడొచ్చే మంచి చిప్పుల్లో అవి ఎలాగూ ఉన్నాయి. ఎన్ని మైకులు వినగలిగితే ఏం, చెవి సరిగ్గా లేకపోతే?

చెవి అంటే యాంటెన్నా. మన దగ్గరికొచ్చే సిగ్నల్ ఎంతుంటుందో తెలుసా? ఒక వాటును కోటితో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ కోటితో భాగించి, దాన్ని ఇంకో వందతో భాగిస్తే ఎంతో, సుమారుగా అంత. ఇంత సన్నని గొంతును ప్రాసెసర్, స్క్రీన్ చేసే రొద పక్కనే కూర్చుని వినాలి!

[క్లోజప్: మూత తీసిన రిసీవర్]

ఈ లేత రంగు చదరపు సిరామిక్ బిళ్లే యాంటెన్నా. ఇది 25 మిల్లీమీటర్లది. గోరంత బిళ్ల పెట్టినవీ అమ్ముతున్నారు, చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ నేనైతే కొనను. ఇంకో సంగతి, ఈ బిళ్ల ముఖం ఆకాశం వైపు ఉండాలి. కొన్నిటిని తగిలించి హ్యాండ్‌హెల్డ్ చేత్తో పట్టుకుంటే బిళ్ల పక్కకి తిరిగిపోతుంది. కొనేముందు అలా పట్టుకుని చూడండి. మడత కీలు ఉన్నదో, బయటి యాంటెన్నాకు సాకెట్ ఉన్నదో దొరికితే మరీ మంచిది. యూఎస్‌బీ రకమైతే జానెడు ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి, రొదకు కాస్త దూరం జరపండి.

తేడా కళ్లతో చూడాలంటే, రిసీవర్ పంపే అక్షరాల వరుసల్లో జీఎస్‌వీ (GSV, కనిపించే ఉపగ్రహాల జాబితా) అని ఉన్నవి తెరవండి. ఒక్కో ఉపగ్రహం పక్కన దాని బలం అంకెల్లో ఉంటుంది. ఆరుబయట నలభై దాటితే చక్కగా వినపడుతున్నట్టు. ఇరవైల్లోనే కొట్టుకుంటుంటే ఆ రిసీవర్ వదిలేయండి.

ఇక అసలు ఎవరూ అడగనిది, బ్యాకప్ బ్యాటరీ. ఒకసారి విన్న కక్ష్య వివరాలు సుమారు నాలుగు గంటలు పనికొస్తాయి. ప్రకటన చీటీ మీద రాసుకున్నాం, మళ్లీ వినక్కర్లేదు. కానీ ప్లగ్-ఇన్ రిసీవర్ కరెంటు తీసుకునేది హ్యాండ్‌హెల్డ్ నుంచే. ఊడదీశారా, చీటీ పోయింది! లోపల చిన్న బ్యాటరీయో, సూపర్ కెపాసిటరో (బ్యాటరీలా కాస్త కరెంటు దాచుకునే భాగం) ఉంటే చీటీ నిలుస్తుంది. లేకపోతే పెట్టిన ప్రతిసారీ ప్రకటన మొదటి నుంచి వినాలి. పరీక్ష తేలిక: లొకేషన్ దొరికాక ఊడదీసి, పది నిమిషాలు ఆగి, ఆరుబయట మళ్లీ పెట్టండి. కొన్ని సెకన్లలో దొరికితే చీటీ ఉంది. మళ్లీ అర నిమిషం పైన పడితే లేదు. రోజంతా తీస్తూ పెడుతూ పనిచేసేవాళ్లు ఈ ఒక్కటీ చూసుకోకుండా తీసుకోవద్దు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆండ్రాయిడ్ అయితే ఓటీజీ, అంటే యూఎస్‌బీ పరికరాలు తగిలించుకునే సదుపాయం, ఉందో లేదో చూడండి. ఉన్నా, రిసీవర్ చెప్పింది మ్యాప్‌కి అందించే యాప్ ఒకటి వేసి, డెవలపర్ సెట్టింగ్స్‌లో మాక్ లొకేషన్ (బయటి నుంచి ఇచ్చే లొకేషన్) కింద దాన్ని ఎంచుకోవాలి. తగిలించినా ఏమీ రావట్లేదంటే ముందు బాడ్ రేట్ (రిసీవర్ సమాచారం పంపే వేగం) మార్చండి, పాతవి చాలావరకు 4800, కొత్తవి 9600. హ్యాండ్‌హెల్డ్ బ్యాటరీ త్వరగా దిగుతుంది, పవర్ బ్యాంకు పెట్టుకోండి.

పాత కాంపాక్ట్‌ఫ్లాష్ (కార్డు స్లాట్‌లో పెట్టే) రకం సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే తేదీ చూడండి. జీపీఎస్ వారాల లెక్క 1024 కాగానే సున్నాకి వస్తుంది, 2019 ఏప్రిల్‌లో అలా వచ్చింది. దాంతో కొన్ని పాత రిసీవర్లు లొకేషన్ సరిగ్గా చెబుతూనే తేదీ మాత్రం దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తాయి. దారి చూసుకోవడానికైతే తీసుకోండి, తేదీతో రికార్డు రాయాల్సిన పనికి వద్దు.