కాస్వెల్ కౌంటీ పాత ఇళ్లు: పొగాకు సొమ్ము, కొయ్య పనితనం

(తెరపై: డాన్ నది, పక్కనే మిల్టన్ ఊరి వీధి)

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రానికి ఉత్తరపు అంచున, వర్జీనియా సరిహద్దును ఆనుకొని ఉన్న కాస్వెల్ కౌంటీ నేటికీ పల్లెసీమే. 1777లో ఆరెంజ్ కౌంటీ ఉత్తర భాగాన్ని విడదీసి దీనిని ఏర్పరచి, స్వతంత్ర రాష్ట్రానికి తొలి గవర్నరైన రిచర్డ్ కాస్వెల్ పేరు పెట్టారు. వర్జీనియా నుంచి తరలివచ్చిన కుటుంబాలు నదీ వాగుల వెంట పొగాకు సాగు చేస్తూ దుంగల ఇళ్లలో కాపురముండేవి. ఆ తర్వాత లేచిన మేడలకు సొమ్ము ఎక్కడిదో తెలియాలంటే పొగాకు ఆకును ఆరబెట్టే కొట్టం, అంటే బ్యారన్‌లోకి తొంగిచూడాలి.

(తెరపై: దుంగలతో కట్టిన పాత బ్యారన్)

1839లో అబీషా స్లేడ్ పొలంలో పొగాకు క్యూరింగ్‌కు, అంటే ఆకును వేడితో ఆరబెట్టే పనికి, కాపలా ఉన్న స్టీఫెన్ అనే బానిస నిద్రపోయాడు. లేచేసరికి మంట ఆరిపోతుండగా, కమ్మరం పని కూడా చేసే అతడు దగ్గరున్న బొగ్గులు తెచ్చి వేశాడు. ఒక్కసారిగా పెరిగిన వేడికి ఆకు మేలిమి పసుపు రంగుకు తిరిగి, మంచి ధర పలికింది. ప్రకాశం జిల్లా రైతులు బ్యారన్లలో క్యూరింగ్ చేసే వర్జీనియా పొగాకు ఈ కోవలోనిదే. అమెరికా అంతర్యుద్ధం నాటికి కౌంటీ జనాభాలో సగానికి పైగా బానిసలే కాబట్టి, ఆ సంపద ఎవరి కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

(తెరపై: ఇంటి లోపలి మెట్లు, వంపు తిరిగిన కొయ్య స్తంభం)

నన్నడిగితే ఈ ఇళ్లలో ముందుగా చూడవలసింది ముంగిలి కాదు, మెట్ల మొదట నిలిచిన ఈ స్తంభం. ఇలాంటి స్తంభాలనూ నిప్పుగూటి చట్రాలనూ చెక్కినవాడు థామస్ డే అనే స్వేచ్ఛా నల్లజాతి (బానిస కాని) వడ్రంగి. 1801లో వర్జీనియాలో పుట్టి ఈ కౌంటీలోని మిల్టన్‌లో దుకాణం పెట్టిన అతడు 1830లో వర్జీనియాకు చెందిన అక్విలా విల్సన్‌ను పెళ్లాడాడు. బయటి నుంచి స్వేచ్ఛా నల్లజాతీయులు రాష్ట్రంలో స్థిరపడరాదన్న చట్టం ఆమెకు అడ్డు వచ్చింది. అతడు ఊరు విడిచిపోతాడేమోనన్న ఆందోళనతో మిల్టన్‌లోని తెల్లవారే శాసనసభకు అర్జీ పెట్టి, ఆమెకు ప్రత్యేక అనుమతి సాధించారు.

1848లో అతడు యూనియన్ టావెర్న్ అనే పాత సత్రాన్ని కొని, నివాసంగానూ కార్ఖానాగానూ మార్చాడు. అక్కడ పనిచేసినవారిలో అతని సొంత బానిసలూ ఉన్నారు. ఆ నిజాన్ని దాచి అతని కథ చెప్పడం న్యాయం కాదు. 1857 ఆర్థిక సంక్షోభం ఆ వ్యాపారాన్ని కుంగదీసింది. 1975లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు పొందిన ఆ ఇటుక భవనం 1989లో మంటల్లో తీవ్రంగా దెబ్బతిన్నా, మిగిలిన గోడలను నిలబెట్టి మళ్లీ పునరుద్ధరించారు.

(తెరపై: యూనియన్ టావెర్న్ ముఖద్వారం)