పన్నెండు వోల్టులే కదా అనకండి

అందరికీ నమస్కారమండీ. వేదిక మీదున్న పెద్దల్ని పేరుపేరునా తలుచుకోవాలి గానీ, నాకిచ్చిందే పావుగంట, అందులో కొంత మైకు తినేసింది. ఏమీ అనుకోకండి, నేరుగా విషయంలోకి వస్తాను.

సొంతంగా మోటార్‌హోమ్, అంటే ఇల్లులాంటి బండి, కట్టుకునేవాళ్లు బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఏది కొనాలో చెప్పమని నన్ను పిలిచారు. అది నేను చెప్పను. ప్యూర్ సైన్ వేవ్‌ది, అంటే ఇంటి కరెంటులాగే నున్నగా ఇచ్చేది, ఏదో ఒకటి కొనుక్కోండి, సరిపోతుంది. విజయవాడ ఆటోనగర్‌లో బండ్ల కరెంటు పని చేసేవాణ్ని నేను. నా గోలంతా బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య ఉండే ఆ రెండు మూరల వైరు గురించే.

మొన్న వేసవిలో ఒక ట్రావెలర్ వ్యాను షెడ్డుకొచ్చింది. గుంటూరు దంపతులది. పాత బండి కొని, సీట్లు పీకి, మంచం, వంటగట్టు అన్నీ చక్కగా చేయించుకున్నారు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతూ టీ కోసం పక్కన ఆపి, కెటిల్ పెట్టారట. మంచం కింద నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన. ఆయన పరిగెత్తి ఇన్వర్టర్ స్విచ్ ఆపేశారు. పొగ ఆగలేదు. ఆగదు కూడా, ఎందుకో చెబుతాను. ఆ అమ్మగారు తువ్వాలు చేతికి చుట్టుకుని బ్యాటరీ క్లాంపు పీకేసింది కాబట్టి బండి మిగిలింది.

మంచం పలక ఎత్తి చూశాను. ఇంట్లో ఏసీకి లాగే 4 స్క్వేర్ ఎంఎం వైరు! రేకుకి కన్నం కొట్టి, రబ్బరు బుష్ లేకుండా అందులోంచి దూర్చారు. వైరు వేడికి తొడుగు మెత్తబడింది, రేకు అంచు దాన్ని కోసింది, రాగి వెళ్లి బాడీకి తగిలింది. ఎవరు వేశారండీ అంటే, ఇళ్లకి వైరింగ్ చేసే మేస్త్రీ అట. "వెయ్యి వాట్లకి ఇది చాలా ఎక్కువ సార్" అన్నాడట పైగా!

ఆ మేస్త్రీ లెక్క ఇంట్లో కరెక్టే. 230 వోల్టుల దగ్గర 1000 వాట్లంటే నాలుగున్నర ఆంపియర్లు కూడా ఉండవు. అదే 1000 వాట్లు 12 వోల్టుల బ్యాటరీ నుంచి లాగితే 83. ఇన్వర్టర్ తినేది కలిపితే 90 పైన. బ్యాటరీ దిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది. ముట్టుకుంటే షాక్ కొట్టదు కాబట్టి పన్నెండు వోల్టులంటే మనకు లెక్కలేదు. అమ్మా, వెనక వరసలో ఉన్నవాళ్లు కూడా వినండి, ఇది రెండోసారి చెబుతున్నాను: ఇంట్లో నాలుగున్నర, బండిలో తొంభై!

దానికి 35 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ రాగి కేబుల్ వేయండి. ఇన్వర్టర్‌ని బ్యాటరీకి దగ్గరగా పెట్టి కేబుల్ పొట్టిగా ఉంచండి. అలాగని ఆసిడ్ బ్యాటరీ నెత్తిమీద పెట్టకండి, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. కేబుల్ చివర తొడిగే థింబుల్‌ని సుత్తితో కొట్టి బిగించేవాళ్లకు ఒక దండం. హైడ్రాలిక్ క్రింపింగ్ మెషీన్ అద్దెకైనా దొరుకుతుంది. 2000 వాట్లు కావాలంటే 24 వోల్టులకి వెళ్లండి, ఆంపియర్లు సగానికి తగ్గుతాయి.

ఇప్పుడు పొగ ఎందుకు ఆగలేదో. "ఇన్వర్టర్‌లోనే ఫ్యూజులున్నాయి కదండీ" అన్నారాయన. ఉన్నాయి, అవి ఇన్వర్టర్‌ని కాపాడుకుంటాయి. బ్యాటరీ మైనస్ బాడీకే కలిపి ఉంటుంది కదా, ప్లస్ కేబుల్ మధ్యలో బాడీకి తగిలితే కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా బాడీలోకి పోతుంది, ఇన్వర్టర్ దాకా రానే రాదు. అందుకే ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు లోపే ఉండాలి. ఈ 35 కేబుల్‌కి 125 ఆంపియర్లది. లిథియం బ్యాటరీ అయితే క్లాస్ టీ ఫ్యూజు. షార్ట్ అయినప్పుడు ఆ బ్యాటరీ వేల ఆంపియర్లు వదులుతుంది, మామూలు ఫ్యూజు తెగినా లోపల మంట ఆగకపోవచ్చు. ఇంటి ఎంసీబీ తెచ్చి అక్కడ బిగించకండి. ఇంట్లోకొచ్చే ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది, ఆ సందులో ఆర్క్, అంటే స్విచ్ విడిపోయేటప్పుడు లేచే మంట, ఆరిపోతుంది. బ్యాటరీది డీసీ కరెంటు, అందులో ఆ సందు రాదు.

చీటీ పంపుతున్నారు, టైమైపోయిందట. ఇంకొక్కటే. 230 వైపు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే షాక్ కొట్టకుండా పడిపోయే స్విచ్, పెట్టి, టెస్ట్ బటన్ నొక్కితే పడింది కదా అని నిద్రపోతున్నారు. చాలా ఇన్వర్టర్లలో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ లంకె ఉండదు. లంకె లేకపోతే లీకైన కరెంటు తిరిగి వెళ్లడానికి దారి లేదు, ఆర్‌సీసీబీ పడదు. టెస్ట్ బటన్ మాత్రం ఎర్త్‌తో పని లేకుండా ఫేజు, న్యూట్రల్ మధ్యే నడుస్తుంది, కాబట్టి అది ఎప్పుడూ పడుతుంది! ఆ లంకె కలపొచ్చో లేదో మీ ఇన్వర్టర్ పుస్తకంలో చూడండి. కొన్ని చవక రకాల్లో కలిపితే ఇన్వర్టరే కాలిపోతుంది. కలిపాక, ఎక్కడైనా ఆగి బయటి కరెంటు తీసుకునేటప్పుడు లంకె తెగిపోవాలి, ఇన్వర్టర్ పక్కకి తప్పుకోవాలి. ఈ రెంటికీ సరైన చేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి. బయటి కరెంటూ ఇన్వర్టరూ ఒకే వైరులో కలిశాయంటే ఇన్వర్టర్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

భోజనాలయ్యాక మీటరు పట్టుకుని బయట చింతచెట్టు కింద ఉంటాను. మంచం పలకలు ఎత్తి ఉంచండి. ముందు ఎవరి బండి చూద్దాం, చెయ్యెత్తండి.