పోలింగ్ శాతం చెప్పని సంగతి

వ్యాఖ్యాత: నమస్కారం. ఓట్ల లెక్కింపు జరిగే రోజున అందరి చూపూ ఎవరు గెలిచారన్న దాని మీదే ఉంటుంది. ఓటు వేయనివారు ఎంతమంది అన్నది మర్నాడు ఏదో ఒక మూల చిన్న వార్తగా వస్తుంది. ఈ రోజు ఆ చిన్న వార్త గురించే మాట్లాడుకుందాం. ఓటర్ల భాగస్వామ్యాన్ని చాలాకాలంగా పరిశీలిస్తున్న అతిథి మనతో ఉన్నారు. నమస్కారమండి.

అతిథి: నమస్కారం. ఆ చిన్న వార్తలోనూ సగమే ఉంటుందండి. పోలింగ్ 60 శాతం అని చెబుతారు గాని, రాని 40 శాతం ఎవరో చెప్పరు. అన్ని వర్గాల నుంచీ సమానంగా తగ్గితే ఫలితం అంతగా మారకపోవచ్చు. అయితే అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో ఓటుకు దూరంగా ఉండేవారిలో యువకులు, తక్కువ ఆదాయం గలవారు, అద్దె ఇళ్లలో ఉంటూ తరచూ చిరునామా మారేవారు ఎక్కువ. తక్కువ పోలింగ్ అంటే అసమానమైన పోలింగేనని రాజనీతి శాస్త్రవేత్త ఆరెండ్ లైప్‌హార్ట్ 1990లలోనే హెచ్చరించారు. నన్ను కలవరపెట్టేది కూడా అదే.

వ్యాఖ్యాత: వారికి ఆసక్తి లేదు కాబట్టే రావడం లేదని చాలామంది అంటారు.

అతిథి: నిరాసక్తత అనే మాటను మనం చాలా తొందరగా వాడేస్తున్నామండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పౌరుడే ముందుగా తన పేరు నమోదు చేయించుకోవాలి. పైగా 1845 నాటి చట్టం ప్రకారం అక్కడ పోలింగ్ మంగళవారం, అంటే పనిదినాన, జరుగుతుంది. జాబితాలో పేరు లేనివారినీ, పని వదిలి రాలేనివారినీ, వచ్చినా ఒరిగేదేమీ లేదని నమ్మినవారినీ ఒకే మాటతో కొట్టిపారేయడం న్యాయం కాదు. అక్కడ అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో జరిగే చట్టసభల ఎన్నికల్లో, 2014లో సుమారు 37 శాతం మందే ఓటు వేశారు. బ్రిటన్‌లో 2001లో పోలింగ్ 59.4 శాతానికి పడిపోయింది. ఎవరు గెలుస్తారో ముందే అందరికీ తెలిసిపోయిన ఎన్నిక అది.

వ్యాఖ్యాత: అలాంటప్పుడు నా ఒక్క ఓటుతో ఏమవుతుందని ఎవరైనా అడిగితే మీరేం చెబుతారు?

అతిథి: 2000లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో దాదాపు 60 లక్షల ఓట్లు పోలయితే, అధ్యక్ష పదవిని తేల్చిన తేడా 537 ఓట్లు. కాని అలాంటివి అరుదు గనుక, ఆ ఒక్క ఉదాహరణతో ఎవరినీ ఒప్పించాలని నేను అనుకోను. నేను చెప్పేది వేరే. అమెరికాలో ఎవరు ఎవరికి ఓటు వేశారన్నది రహస్యమే అయినా, ఓటు వేశారా లేదా అన్నది రికార్డుల్లో ఉంటుంది. ప్రచార బృందాలు ఆ రికార్డులను చూసుకునే ఏ ఇంటి తలుపు తట్టాలో నిర్ణయించుకుంటాయి. ఓటు వేయని వీధికి అభ్యర్థి రాడు, అభ్యర్థి రాని వీధిలో వారికి ఆ ఎన్నిక తమది కాదనిపిస్తుంది, మళ్లీసారి ఇంకొందరు తగ్గుతారు, ఆ వీధి సమస్య ఎవరి ప్రసంగంలోనూ వినబడకుండా పోతుంది. గెలుపోటములు మారకపోయినా మీ ఓటు మీ వీధిని లెక్కలో ఉంచుతుంది.

వ్యాఖ్యాత: ఓటును తప్పనిసరి చేస్తే ఈ సమస్య తీరుతుందా?

అతిథి: సంఖ్య మాత్రం తప్పకుండా పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో 1922లో 60 శాతం కూడా లేని పోలింగ్, 1924లో చట్టం వచ్చాక 1925 ఎన్నికల్లో 91 శాతం దాటింది. నెదర్లాండ్స్‌లో 1970లో ఆ నిబంధన తొలగించగానే 95 శాతం దగ్గర ఉన్నది 79కి దిగింది. చిలీలో 2012 నుంచి ఓటు ఐచ్ఛికమయ్యాక, 2021 అధ్యక్ష ఎన్నికల తొలి విడతలో సగం మంది కూడా రాలేదు. 2022 ప్రజాభిప్రాయ సేకరణలో ఓటును తప్పనిసరి చేసేసరికి సుమారు 86 శాతం మంది వచ్చారు. బలవంతపు ఓటు స్వేచ్ఛకు విరుద్ధమనే అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. అయినా ఆస్ట్రేలియాలో నాకు నచ్చినది ఓటు వేయనివారికి వేసే జరిమానా కాదండి. పౌరుడికి విధి పెట్టిన ప్రభుత్వం తన వంతు విధినీ నెత్తిన వేసుకుంది. పోలింగ్ శనివారం జరుగుతుంది, ముందస్తు ఓటు ఉంటుంది, మారుమూల ప్రాంతాలకు సిబ్బందే పెట్టెలతో వెళతారు. చట్టం లేని దేశాలు కూడా ఇవన్నీ చేయవచ్చు.

వ్యాఖ్యాత: మరి మన శ్రోతలు చేయగలిగినది ఏమైనా ఉందా?

అతిథి: ఉంది. అప్పట్లో యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న రాజనీతి శాస్త్రవేత్తలు ఆలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ 1998లో అమెరికాలోని న్యూ హేవెన్ నగరంలో సుమారు 30 వేల మంది ఓటర్లతో ఒక ప్రయోగం చేశారు. ఫోన్ చేసి చెప్పినదానికి ఫలితం కనబడలేదు గాని, ఇంటికి వెళ్లి ఎదురుగా నిలబడి అడిగినప్పుడు పోలింగ్ స్పష్టంగా పెరిగింది. అందువల్ల మీ ఇంట్లోనో పక్కింట్లోనో తొలిసారి ఓటు హక్కు వచ్చినవారు ఉంటే, జాబితాలో పేరు చూసుకున్నావా అని నేరుగా అడగండి. చాలాచోట్ల నమోదు గడువు పోలింగ్‌కు ఎన్నో రోజుల ముందే ముగిసిపోతుంది కనుక, ప్రచారం జోరందుకునేదాకా ఆగకండి.