రెండు నల్ల గుర్రాలు

అందరికీ నమస్కారం.

ముందు ఒక పని చేద్దాం. ఈ రెండు నల్ల గుర్రాలు ముందు వరుస నుంచి చేతులు మారుతూ వెనక దాకా వెళ్లి రావాలి. ఒకటి 1950ల నాటి సోవియట్ చదరంగం సెట్‌లోది, అసలుది. రెండోది దానికి నకలు, మూడేళ్ల కింద కొన్నాను. ఏది ఏదో ఇప్పుడు చెప్పను. నకళ్లకు కూడా పాతదనం పూసి అమ్ముతారు కాబట్టి మరకలు చూసి మోసపోకండి. పిల్లలూ, చెవులు పట్టుకోకండమ్మా, మెడ దగ్గర పట్టుకోండి.

నేను పెద్ద ఆటగాణ్ణి కాను. ఇక్కడ కూర్చున్న పదేళ్ల పిల్లలు నన్ను ఇరవై ఎత్తుల్లో కట్టేస్తారు. నా పిచ్చంతా పావుల మీద. పాత టోర్నమెంట్లలో వాడిన సెట్లు కొనే స్తోమత లేక నకళ్లు కొనడం మొదలుపెట్టాను. ఇప్పుడు నకళ్లంటేనే ఇష్టం. ఎవరైనా ఒక పాత వస్తువును మళ్లీ చేయాలని కూర్చుంటే, ఎక్కడ కష్టపడ్డాడో, ఎక్కడ సరిపెట్టేశాడో ఆ వస్తువే చెప్పేస్తుంది. ఆ పట్టుకోవడంలో ఉన్న మజా నాకు ఆటలో కూడా దొరకలేదు.

మనం రోజూ ఆడే పావుల ఆకారం ఎక్కడిదో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1849లో లండన్‌లో నథానియెల్ కుక్ పేరు మీద ఈ డిజైన్ రిజిస్టర్ అయింది. జేక్స్ అనే సంస్థ తయారు చేసి అమ్మింది. అప్పట్లో పేరు మోసిన ఆటగాడు హొవార్డ్ స్టాంటన్ తన పేరు వాడుకోనిచ్చాడు. అలా అది స్టాంటన్ సెట్ అయిపోయింది. గీసినవాడి పేరు పోయి, సంతకం పెట్టినవాడి పేరు మిగిలింది. మనకు కొత్తేం కాదులెండి.

ఆ పాత జేక్స్ సెట్లలో నాకు బాగా నచ్చిన చిన్న గుర్తు ఒకటుంది. రాజు వైపు నిలబడే గుర్రం మీద, అటువైపు ఏనుగు మీద బుల్లి కిరీటం ముద్ర ఉంటుంది. మంత్రి వైపు వాటికి ఉండదు. ఎందుకంటే అప్పట్లో ఎత్తులు రాసుకునే పద్ధతి వేరు. ఇప్పుడు మనం చేరిన గడి పేరుతో గుర్రం ఎఫ్3 అని రాస్తాం. అప్పుడు రాజు గుర్రం, మంత్రి గుర్రం అని రాసేవాళ్లు. ఆట మధ్యలో రెండూ కలిసిపోతే ఏది ఎవరిదో తెలియాలి కదా, అందుకు ఆ ముద్ర. ఇప్పుడు దాంతో పని లేకపోయినా మంచి నకళ్ల మీద కొడుతూనే ఉన్నారు. ఒక సెట్‌లో మాత్రం నాలుగు గుర్రాలకూ కిరీటం కొట్టేసి పంపారు నాకు. అది చేసినవాళ్లు ముద్రను చూశారు గానీ, అది ఎందుకుందో ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

ఇప్పుడు ఈ బల్ల మీదున్న సెట్ చూడండి. దీన్ని డుబ్రోవ్నిక్ సెట్ అంటారు. 1950లో యుగోస్లావియాలోని డుబ్రోవ్నిక్‌లో దేశాల జట్లు పోటీపడే చెస్ ఒలింపియాడ్ తొమ్మిదోసారి జరిగింది. యుగోస్లావియా నేత టిటో, సోవియట్ నేత స్టాలిన్ తెగతెంపులు చేసుకుని అప్పటికి రెండేళ్లు. సోవియట్ జట్టు రాలేదు. ఆతిథ్య దేశమే గెలిచింది. ఆ పోటీల కోసం పేటర్ పోచెక్ అనే కళాకారుడు ఈ పావుల్ని రూపొందించాడు. రాజు నెత్తిన శిలువ ఉండదు. శకటు తలలో బిషప్ టోపీ చీలిక ఉండదు. దాని బదులు తెల్ల శకటు నెత్తిన నల్ల గుండు, నల్ల శకటు నెత్తిన తెల్ల గుండు. మా ఆవిడ మొదటిసారి చూసి, తెల్లవాటికి దిష్టిచుక్క పెట్టారు, మరి నల్లవాటికి ఎందుకూ అంది. జవాబు చెప్పలేకపోయాను.

అమెరికా ప్రపంచ చాంపియన్ బాబీ ఫిషర్‌కు ఈ సెట్ అంటే ప్రాణం. 1992లో యుగోస్లావియాలోని స్వెతి స్టెఫాన్‌లో పాత ప్రత్యర్థి స్పాస్కీతో మళ్లీ ఆడినప్పుడు కూడా బల్ల మీద ఈ శైలి పావులే ఉన్నాయి. అంత పేరు వచ్చాక నకళ్లు రాకుండా ఉంటాయా? ఇక్కడొక మెలిక ఉంది. 1970 ప్రాంతంలో ఇదే సెట్‌ను కొద్ది మార్పులతో మళ్లీ చేశారు. అందుకని కొనేముందు ఏ ఏడాది దానికి నకలో అడగండి. సూటిగా చెప్పలేకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

ఇవన్నీ ఎక్కడ తయారవుతున్నాయనుకుంటున్నారు? చాలా భాగం మన అమృత్‌సర్‌లో. ఒకప్పుడు ఏనుగు దంతం చెక్కిన ఊరు అది. దంతం వ్యాపారం మీద నిషేధాలు వచ్చాక చేతులన్నీ కర్ర మీదికి మళ్లాయి. లేత రంగు పావులకు బాక్స్‌వుడ్. ముదురు వాటికి షీషం, పడౌక్, ఎబొనీ, లేదంటే నల్లరంగు వేసిన బాక్స్‌వుడ్. ఎబొనీ అనగానే ఏదో విదేశీ సరుకు అనుకుంటాం గానీ, మన తునికాకు చెట్టూ అదీ ఒకే కుటుంబానివి. ఆఫ్రికా పడౌక్ అయితే మన ఎర్రచందనానికి దగ్గరి చుట్టం. కొన్నప్పుడు నిగనిగలాడే ఎరుపు, ఎండ తగిలితే గోధుమరంగు. కిటికీ పక్కన షోకేసులో పెట్టి ఒక సెట్ రంగంతా పోగొట్టుకున్నాను. తప్పు పూర్తిగా నాదే.

పావులకు ఊరికో పేరు. మనం శకటు అంటాం, హిందీలో ఊంట్, అంటే ఒంటె. రష్యన్లు దాన్నే స్లోన్ అంటారు, అంటే ఏనుగు. మన ఏనుగు ఉండే మూలలో వాళ్లకు పడవ ఉంటుంది. కాబట్టి రష్యన్ ఏనుగుని అమృత్‌సర్‌లో ఒంటెగా చేస్తే హైదరాబాద్‌లో నేను శకటుగా కొన్నాను.

పని తీరు గురించి కాస్త చెప్పాలి. బంటు, ఏనుగు, శకటు, వీటికి చాలావరకు లేత్ సరిపోతుంది. కర్ర గిరగిరా తిరుగుతుంటే ఉలి ఆనించి నిమిషాల్లో రూపం తెచ్చేస్తారు. గుర్రం అలా లొంగదు. అడుగుభాగం లేత్ మీద తీసి, తల వేరే చెక్కి రెండూ అతికిస్తారు. ఆ తల చెక్కేవాళ్లు వేరు, వాళ్ల కూలీ వేరు. అందుకే సెట్ ధర పెరిగేదీ తగ్గేదీ నాలుగు గుర్రాల దగ్గరే. చేసినవాళ్ల పేరు ఎక్కడా కనబడదు. పెట్టె మీద మాత్రం డుబ్రోవ్నిక్, మాస్కో, లేదా ఎవరో గ్రాండ్‌మాస్టర్ పేరు ఉంటుంది.

ఇక్కడే అసలు చిక్కు. పాత సోవియట్ సెట్లు అపురూపమైన వస్తువులేమీ కావు. కర్మాగారాల్లో, సహకార సంఘాల్లో బడికీ క్లబ్బుకీ సరిపడా కుప్పలుగా చేసినవి. గుర్రం జూలు మీద గబగబా నాలుగు గాట్లు, కన్ను ఉన్న చోట ఒక పొడుపు, అంతే. అలాంటి దాన్ని దంతం చెక్కిన వంశాల చేతికిస్తే ఏమవుతుంది? చెయ్యి ఊరుకోదు. గాటుని గుండ్రంగా చేస్తుంది, ముక్కుపుటాలు తీరుస్తుంది, పైన అద్దంలా పాలిష్ పెడుతుంది. అందంగానే ఉంటుంది. కానీ అది ఆ గుర్రం కాదు. పెళ్లికి ముస్తాబు చేసిన గుర్రం. మొర్డోవియా సెట్లు అని సేకర్తలు పిలిచేవి ఉన్నాయి, రష్యాలోని ఆ ప్రాంతపు శిబిరాల్లో ఖైదీల చేత చేయించినవి. వాటి నకలు మఖమల్ పెట్టెలో పెట్టి అమ్మితే నాకు చెయ్యి రాలేదు. కొన్నవాళ్లను తప్పు పట్టను, నాకు మాత్రం మనసొప్పలేదు.

కొలతలు చూసుకోవడం తేలికే. టోర్నమెంట్ రాజు ఎత్తు దాదాపు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, గడి అయిదు నుంచి ఆరు. ఒక గడిలో నాలుగు బంట్లు ఇమిడితే పావులూ బోర్డూ ఒకదానికొకటి సరిపోయినట్టే. ఫోటోలో ఈ సంగతి తెలియదు, బంట్లు పెట్టి చూసుకోవాల్సిందే.

ఇంకో కష్టం, అది నా సొంతం. ఒక ఆన్‌లైన్ దుకాణంలో మంచి ధర పెట్టి ఎబొనీ సెట్ తెప్పించాను. డిసెంబర్‌లో వచ్చింది, ముత్యంలా ఉంది. మే నెలలో ఒక రాత్రి హాల్లో టక్‌మని చప్పుడు. బల్లి అనుకున్నాం. పొద్దున చూస్తే నల్ల రాజు అడుగున వెంట్రుకంత బీట. వారం తిరిగేసరికి గోరు దూరేంత అయింది. ఫోన్ చేస్తే, సార్, కర్ర కదా, సహజం అన్నారు. సహజమే. పచ్చి ఆరకముందే లేత్ ఎక్కించిన కర్ర మన ఎండలకు కుంచించుకుపోతుంది. లోపల కూరిన లోహపు బిళ్ళ కుంచించుకోదు. మధ్యలో నలిగేది అడుగుభాగమే. రాజుకు ఎక్కువ బరువు పెడతారు, అందుకే ముందు రాజు పగిలాడు. అది వాళ్లు ఫోన్‌లో చెప్పలేదు, నేనే అడుగున అతికించిన ఫెల్ట్ గుడ్డ ఊడదీసి చూసి తెలుసుకున్నాను.

సరే, గుర్రాలు తిరిగొచ్చాయా? చేతులెత్తండి. బరువుగా ఉన్నదే అసలుదని ఎంతమంది అనుకున్నారు? చూశారా, దాదాపు హాలంతా.

తేలిగ్గా ఉన్నదే అసలుది. దాని పొట్టలో ఏ బిళ్ళా లేదు, ఉత్త కర్ర. నకలు చేసినాయన ఘటికుడు, గాట్లు కూడా లెక్కపెట్టి దించాడు. కానీ ఇప్పుడు కొనేవాళ్లకు చేతికి బరువు తగలకపోతే డబ్బుకు తగ్గ సరుకు కాదనిపిస్తుంది. అందుకని లోపల లోహం కూరారు. నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ ఆటలో చెయ్యి తగిలితే ఆ పాత గుర్రం పడిపోయేది, వాళ్లు తీసి నిలబెట్టుకుని మళ్లీ ఆడేవాళ్లు. దాని కుడి చెవి చూడండి, అతికించిన గీత కనిపిస్తుంది. నేను అతికించింది కాదు. నా దగ్గరికి వచ్చేటప్పటికే అలా ఉంది.

ఈ గుర్రాలున్న రెండు సెట్లూ ఇక్కడే బల్ల మీద పెడుతున్నాను. టీ వచ్చేలోపు ఎవరైనా ఒక ఆట ఆడుకోండి, గడియారం కూడా తెచ్చాను.