లెక్కల వరస: తొమ్మిదిలో అడిగితే లేటు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ఇక్కడ ఎవర్నీ ఎక్కాలు అడగను. కమిటీ వాళ్ళు నాకు పావుగంట ఇచ్చి, "ఇక్కడ అమెరికా హైస్కూళ్ళలో లెక్కల కోర్సులు ఏ వరసలో ఉంటాయో కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పండి చాలు" అన్నారు. అది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మిగతా టైమంతా నా గోడు వినాలి మీరు, ముందే చెప్తున్నా.

వరస ఇది. ఆల్జీబ్రా వన్, జామెట్రీ, ఆల్జీబ్రా టూ, ప్రీకాల్క్యులస్, కాల్క్యులస్. చివర్లో వచ్చేవాటికి ముందు ఏపీ అని ఉంటుంది, అది మన ఏపీ కాదు, కాలేజీ స్థాయి కోర్సని అర్థం. కాల్క్యులస్‌లో ఏబీ, బీసీ అని రెండు రకాలు, బీసీలో సిలబస్ ఎక్కువ. 2023 నుంచి ప్రీకాల్క్యులస్‌కి కూడా ఏపీ వచ్చింది. స్టాటిస్టిక్స్ పక్కన విడిగా ఉంటుంది. కొన్ని స్కూళ్ళలో ఈ పేర్లేవీ లేకుండా, ఆల్జీబ్రా, జామెట్రీ కలిపేసి ఇంటిగ్రేటెడ్ మాథ్ వన్, టూ, త్రీ అని ఉంటాయి. అయిపోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. మెట్లు ఐదు. హైస్కూలు తొమ్మిది నుంచి పన్నెండు దాకా, నాలుగేళ్ళు. ఎలా ఎక్కుతారు? తొమ్మిదిలో ఆల్జీబ్రా వన్ మొదలుపెడితే పన్నెండుకి ప్రీకాల్క్యులస్ దగ్గర ఆగిపోతారు. పన్నెండులో కాల్క్యులస్ ఉండాలంటే ఆల్జీబ్రా వన్ ఎనిమిదిలోనే అయిపోవాలి. అలా అవ్వాలంటే ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల లెక్కల్ని రెండేళ్ళలో ముగించాలి. ఆ ఫాస్ట్ క్లాసులో ఎవరుండాలో చాలాచోట్ల ఐదో తరగతి చివర్లోనే, ఏదో ఒక టెస్టు చూసి, తేల్చేస్తారు. పదిహేడేళ్ళకి పిల్ల ఏం చదువుతుందో పదేళ్ళప్పుడే రాసి పెట్టేస్తారన్నమాట, ఇంటికి మాత్రం ఒక్క కాగితం వస్తుంది.

మాకూ వచ్చింది. మా అమ్మాయి పేరు, పక్కన "మాథ్ సిక్స్" అని. ఆరో తరగతి కాబట్టి మాథ్ సిక్స్, ఇందులో చూడ్డానికేముంది అనుకుని ఫ్రిజ్‌కి అంటించాం. తన స్నేహితురాలి కాగితంలో "మాథ్ సిక్స్ యాక్సిలరేటెడ్" అని, అంటే ఆ ఫాస్ట్ క్లాసని, ఉందని మాకు మూడేళ్ళ తర్వాత తెలిసింది. ఇంకో సంగతి. ఆ టెస్టు రోజున పిల్లకి నూట రెండు జ్వరం. మందు వేసి స్కూలుకి పంపింది నేనే. మన చదువుల్లో పరీక్ష మానడమనే మాటే లేదు కదా, జ్వరమొచ్చినా వెళ్ళి రాయాల్సిందే అన్నది నా ఒంట్లో జీర్ణించుకుపోయింది. ఆ రోజు మానిపించి ఉంటే మేకప్ టెస్టని ఇంకో రోజు పెట్టేవాళ్ళట! ఇది కూడా తర్వాతే తెలిసింది.

తొమ్మిదిలో చేరేటప్పుడు, ఏ కోర్సులు తీసుకోవాలో చెప్పే స్కూలు కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాం. ఎంతో మర్యాదగా, నవ్వుతూ, కాల్క్యులస్ అందరికీ అవసరం లేదండీ అన్నారు. ఆ మాటలో తప్పు లేదు. అమెరికాలో లెక్కల ప్రొఫెసర్ల సంఘం, టీచర్ల సంఘం కలిసి 2012లో ఒక ప్రకటన ఇచ్చాయి, పన్నెండుకల్లా పిల్లల్ని కాల్క్యులస్ దాటించడం బడి చదువుకి లక్ష్యం కాకూడదు, పునాది గట్టిగా ఉండాలి అని. నేనూ ఒప్పుకుంటాను. కానీ మాకు ఎవరూ అడిగి వద్దనిపించలేదు, తలుపు వేసి మూడేళ్ళయిందని అప్పుడు చెప్పారు. నా బాధ అది.

ఈ బాధ మనదొక్కళ్ళదే అనుకోకండి. బాబ్ మోజెస్ అని ఒకాయన, 1960ల్లో మిసిసిపీలో నల్లజాతివాళ్ళకి ఓటు హక్కు కోసం దెబ్బలు తిని తిరిగినాయన. 1982లో ఆయన కూతురు ఎనిమిదిలో ఉంది, ఆ బడిలో ఆల్జీబ్రా లేదు. అడిగితే మీరే వచ్చి చెప్పండి అన్నారు, ఆయన నిజంగానే వెళ్ళి క్లాసులో కూర్చుని ఆమెకీ, ఇంకొందరు పిల్లలకీ చెప్పాడు. ఆల్జీబ్రా ప్రాజెక్ట్ అలా పుట్టింది. ఆల్జీబ్రా అందడం కూడా ఓటు లాంటి హక్కేనని జీవితాంతం వాదించాడు. నాకంత ధైర్యం లేదు, నేను ఫారాల మీద సంతకాలు పెట్టాను.

సంతకం దేనికంటే, పదో తరగతిలో జామెట్రీ, ఆల్జీబ్రా టూ రెండూ ఒకే ఏడాది తీసుకోవడానికి. దాన్ని డబ్లింగ్ అప్ అంటారు. చాలా స్కూళ్ళలో ఉంటుంది, అడిగితేగానీ చెప్పరు. ఒక ఎలెక్టివ్, అంటే పిల్లలు ఇష్టపడి ఎంచుకునే సబ్జెక్టు, వదులుకోవాలి, మా అమ్మాయి ఆర్ట్ వదులుకుంది, అందుకు నన్ను ఇప్పటికీ క్షమించలేదు. కానీ పన్నెండులో కాల్క్యులస్ ఏబీ చదివింది. పైగా రెండూ కలిపి చదవడం వల్ల తేలికయిందని తనే అంది.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను. మనం ఇంటర్లో వన్ ఏ, వన్ బీ చదివాం, గుర్తుందా? ఏలో ఆల్జీబ్రా, బీలో కోఆర్డినేట్ జామెట్రీ, రెండూ పక్కపక్కనే నడిచేవి. ఇక్కడ ఆల్జీబ్రా ఒక ఏడాది చెప్పి, మూసేసి, ఏడాదంతా జామెట్రీ చెప్పి, మళ్ళీ తెరుస్తారు. అప్పటికి పిల్లలు సగం మర్చిపోతారు. తమాషా ఏంటంటే, హార్వర్డ్ ప్రెసిడెంట్ ఎలియట్ అధ్యక్షుడిగా పదిమందితో 1892లో హైస్కూలు చదువుల మీద ఒక కమిటీ వేశారు, దానికోసం పనిచేసిన లెక్కల పండితులు ఆ రోజుల్లోనే ఏం చెప్పారో తెలుసా? మొదటి ఏడాది ఆల్జీబ్రా చెప్పండి, తర్వాత రెండేళ్ళూ ఆల్జీబ్రా, జామెట్రీ పక్కపక్కన నడపండి అని. నూటముప్పై ఏళ్ళ కిందటి మాట!

సరే, టైము చూస్తున్నారు అన్నయ్యగారు. ఒక్క ఐదు నిమిషాలండీ, అసలు విషయం ఇప్పుడే వస్తోంది.

అమ్మాయి విషయంలో తగిలిన దెబ్బకి, అబ్బాయి దగ్గర నేను రెండో తప్పు చేశాను. వాడు ఫాస్ట్ క్లాసులోనే పడ్డాడు. నాకు చాల్లేదు. ఎనిమిది అవగానే ఎండాకాలం సెలవుల్లో ఏడాది జామెట్రీని ఆరు వారాల్లో చేయించాను. ఏ గ్రేడ్ వచ్చింది. సంబరపడి ఫోటో కూడా పెట్టాను, మీలో కొందరు లైకులు కొట్టారు కూడా. వాడు పదిలో ప్రీకాల్క్యులస్‌లో ఉండగా ఒక రాత్రి నోట్సు చూశాను. పైన ఒకటి, కింద ఎక్స్ ప్లస్ రెండు ఉన్న భిన్నాన్ని విడగొట్టి, ఒకటి బై ఎక్స్ ప్లస్ ఒకటి బై రెండు అని తప్పు రాశాడు. కింద సైన్ ముప్పై అరకి సమానం అని ఉంది. అర ఎందుకైంది నాన్నా అన్నాను. "టేబుల్లో ఉందమ్మా" అన్నాడు. పెన్సిల్ తీసుకుని మూడు భుజాలూ సమానంగా ఉన్న త్రిభుజం గీసి, పైనుంచి కిందికి నిలువుగా గీత లాగాను. చూడు, అడుగు సగమైంది, పైకోణం కూడా సగమైంది, ముప్పై. వాడు ఆ బొమ్మని చాలాసేపు చూసి, "ఇది నేనెప్పుడూ చూడలేదమ్మా" అన్నాడు. ఏ గ్రేడ్ వచ్చిన పిల్లాడండీ!

ఆ సెమిస్టర్ సీ గ్రేడ్‌తో బయటపడ్డాడు. తర్వాత ఎండాకాలమంతా ఇద్దరం కూర్చుని భిన్నాలు, త్రిభుజాలు మొదట్నుంచీ చేశాం. వాడికి టెన్షన్ తగ్గడానికి ఏడాది పట్టింది, నాకు ఇంకా తగ్గలేదు.

కాబట్టి పైకి తోయమని నేను చెప్పడం లేదు, వదిలెయ్యమనీ చెప్పడం లేదు. ఐదో తరగతి పిల్లలున్నవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు. ఇంటికెళ్ళి స్కూలు పంపిన కాగితం తియ్యండి, క్లాసు పేరు చివరిదాకా చదవండి. ఎవరు, ఏ టెస్టు చూసి వేశారో, మార్చాలంటే ఎవరిని అడగాలో మెయిల్ పెట్టండి, నోటిమాట కాదు. పేచీ పెడుతున్నామని సిగ్గుపడకండి. ఆ పక్కనే పిల్లని కూర్చోబెట్టి ఒకటి బై రెండు, ఒకటి బై మూడు కూడమనండి, రెండు బై ఐదు అందంటే ఫాస్ట్ క్లాసు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఆ టెస్టు రోజున జ్వరం ఉంటే మాత్రం బడి మానిపించండి. వస్తున్నానండీ, దిగుతున్నా.